నిమిషం మాస్టారి రెండో బ్రేకు

రోడ్డు మీద అందరికన్నా క్షేమంగా ఉండేవాడు ఎవరు? అందరికన్నా వేగంగా పోయేవాడు.

నవ్వకండి. ఇది నోటికొచ్చినట్టు అన్న మాట కాదు, లెక్క కట్టి తేల్చిన సంగతి. గొడుగు లేకుండా వానలో చిక్కుకున్నారనుకోండి. నడుస్తారా, పరిగెత్తుతారా? పరిగెత్తుతారు. వానలో ఎంత తక్కువసేపు ఉంటే అంత తక్కువ తడుస్తాం కనక. రోడ్డు మీద ప్రమాదాలు కూడా వానలాగే కురుస్తున్నాయని పేపర్లు రోజూ రాస్తూనే ఉన్నాయి. అలాంటి చోట అరగంటసేపు తాపీగా తిరిగేవాడు బుద్ధిమంతుడా, పది నిమిషాల్లో బయటపడేవాడా? మీరే చెప్పండి.

ఈ సిద్ధాంతం కనిపెట్టినాయన ఒక లెక్కల మాస్టారు. హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు చెప్తారు. పిల్లలు పెట్టిన పేరు నిమిషం మాస్టారు. ఎక్కడికి ఎంతసేపట్లో వస్తారని అడిగినా ఆయన నోట వచ్చే జవాబు "ఒక్క నిమిషం". బోర్డు మీద లెక్క మొదలుపెడితే మధ్యలో నాలుగు మెట్లు మింగేసి, జవాబు రాసి, దాని కింద రెండు గీతలు గీసేవారు. మింగిన మెట్ల మాటేమిటని ఎవరైనా అడిగితే, "అవి దారిలో వచ్చేవేరా, వాటి దగ్గర ఆగక్కర్లేదు" అనేవారు.

మాస్టారు చెడ్డవారు కాదు. ఎవరినీ తిట్టరు, చెయ్యెత్తి ఒకరిని కొట్టి ఎరగరు. నిదానంగా కారు నడిపేవాళ్ళను చూస్తే ఆయనకు కోపం కూడా వచ్చేది కాదు, జాలి వేసేది. వాళ్ళను రాసుకుంటూ ముందుకు దూసుకుపోయి, "పాపం, వాళ్ళింకా ప్రమాదంలోనే ఉన్నారు" అని నిట్టూర్చేవారు.

ఆయన వేగం వల్ల ఆ వీధికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మోకాళ్ళు పట్టేశాయని ఏడాదిగా కుర్చీ దిగని ఒక పెద్దావిడ, సరిగ్గా గేటు ముందు మాస్టారి కారు మలుపు తిరిగిన పూట, మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కేసింది. ఏ డాక్టరు చేయగలిగాడు ఆ పని? వీధికుక్కలు ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూసి దాటడం నేర్చుకున్నాయి. మనుషులకు ఇంకా రాని విద్య అది. పాలవాడు, పేపరువాడు, పోస్ట్‌మాన్, ముగ్గురికీ వినికిడి పదునెక్కి, రెండు వీధుల అవతల ఆయన గేరు మార్చిన చప్పుడు విని గోడకు అతుక్కుపోయేవారు. వీధి చివర సర్కిల్లో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపమని చెయ్యెత్తేసరికి మాస్టారు తర్వాతి సర్కిల్లో ఉండేవారు. ఎత్తిన చెయ్యి ఊరికే దించడం ఎందుకని ఆ కానిస్టేబుల్ దాంతో సెల్యూట్ కొట్టేవాడు.

ఇంత మేలు చేసిన మనిషికి ఇంట్లో మాత్రం పేరు రాలేదు.

మాస్టారి భార్య బజారులో టైలరింగ్ షాపు నడుపుతుంది. చిన్న గది, రెండు కరెంటు మిషన్లు, ఒక కత్తిరించే బల్ల, మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. పెడల్ మీద ఆమె కుడికాలు ఎంత నేర్పుగా పడుతుందంటే, నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలు ఆమె చేతుల్ని కాకుండా కాలిని చూస్తూ కూర్చునేవారు. జాకెట్టు మెడ దగ్గర ఒంపు వచ్చినప్పుడు మిషన్ను ఒక్కొక్క కుట్టుగా నడిపించేది. తిన్నటి అంచు వస్తే వదిలేసేది. ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో ఆ పాదానికి తెలుసు.

పెళ్ళయిన నాలుగేళ్ళకు బండి కొన్నారు; ఆమె ఆయన బండెక్కి ఇరవై రెండేళ్ళయింది. మొదటి పదకొండేళ్ళు స్కూటరు. వెనక కూర్చుని ఆయన భుజం పట్టుకునేది. ఆ పట్టుకు చొక్కాలన్నీ సరిగ్గా కుడిభుజం దగ్గరే చిరిగిపోతుంటే, చివరికి ఆయనకు కుట్టే ప్రతి చొక్కాకూ అక్కడ రెండు పొరల గుడ్డ వేయడం మొదలుపెట్టింది. స్టాఫ్ రూములో అందరూ అది కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. తర్వాతి పదకొండేళ్ళు కారు. కారులో పట్టుకోవడానికి భుజం అందదు. అందుకని కుడికాలితో నేలను తొక్కేది. ముందు బస్సు కనిపిస్తే తొక్కేది, మలుపొస్తే తొక్కేది, సైకిలు అడ్డొస్తే ఊపిరి బిగబట్టి తొక్కేది. తొక్కగా తొక్కగా ఆమె కాళ్ళ కింది మ్యాటుకు మడమంత చిల్లు పడింది.

తొక్కుతూనే ఒక మాట అనేది. "కాస్త నెమ్మదిగా పోనివ్వండి."

"పోనిస్తున్నాగా" అనేవారు మాస్టారు. ఆ మాట చెప్పడానికి పట్టిన టైములో మరో లారీని దాటేసేవారు.

ఒకరోజు ఆమె కుడిపిక్క వాచి, మెట్లెక్కడం కష్టమైంది. వాళ్ళ కూతురు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, పిక్క నొక్కి చూసింది.

"ఏంటమ్మా ఇది, రాయిలా ఉంది. మిషన్ తొక్కి తొక్కి వచ్చిందా?"

"కరెంటు మిషనే అది. బొటనవేలు ఆనిస్తే చాలు."

"మరి?"

మాస్టారు అప్పుడే లోపలికొచ్చి, బూట్లు విప్పుతూ, ఆ పూట దారిలో సాధించిన విజయాలు చెప్పడం మొదలుపెట్టారు. "సర్కిల్ దగ్గర రెండు బస్సులు పక్కపక్కన పోతున్నాయి. మధ్యలో సందుంది. నేను చూశాను..."

తల్లి కుడికాలు దానంతటదే లేచి నేలను తొక్కింది.

కూతురు ఆ కాలివంక చూసింది. "నాన్నా, తర్వాతేమైంది?"

"ఏముంది, రెండింటి మధ్య నుంచి దూరి..."

కాలు మళ్ళీ తొక్కింది. ఈసారి కుర్చీ వెనక్కి జరిగింది.

"అర్థమైంది" అంది కూతురు, పైకి లేస్తూ. "నాన్నా, నీ కారు బ్రేకు అమ్మ కాల్లో ఉంది."

"ఏదో ఒక మందు రాయమ్మా."

"ఆ మందు నువ్వే వాడాలి."

మాస్టారు నవ్వేశారు. చదువుకున్న పిల్ల, చమత్కారంగా మాట్లాడుతుందని ముచ్చటపడ్డారు కూడా. మర్నాడు పొద్దున స్కూలు గేటు దగ్గర బోర్డును గుద్దేశారు.

ఆ బోర్డు మీద ఉన్నది రెండే ముక్కలు. "నెమ్మదిగా వెళ్ళండి." మాస్టారి వాదన ఏమిటంటే, తప్పు బోర్డుదే. డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండాలా, బోర్డు మీద ఉండాలా? చదవమని రాసిపెట్టారు, చదివాను, చదువుతుంటే వచ్చి తగిలింది. హెడ్‌మిస్ట్రెస్ ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆవిడ కోపం చల్లగా ఉంటుంది.

"మాస్టారూ, పై నెల మన స్కూల్లో రోడ్డు భద్రత దినం. ప్రసంగం మీరే చేస్తున్నారు."

"నేనా?"

"బోర్డును ఇంత దగ్గరగా చదివినవాళ్ళు మన స్టాఫ్‌లో ఇంకెవరూ లేరు."

మాస్టారికి అందులో వెటకారం వినిపించలేదు. తన సిద్ధాంతానికి ఇన్నాళ్ళకు ఒక వేదిక దొరికిందనుకున్నారు.

ఇక కారు సంగతి. దాని ముందు భాగం నమిలి ఊసినట్టయింది. మెకానిక్ బానెట్ ఎత్తడానికి ప్రయత్నించి, అది రాకపోతే కాసేపు దానివంక చూసి, "దీన్ని వదిలేయండి మాస్టారూ" అన్నాడు. ఒక డ్రైవింగ్ స్కూలు మూసేస్తున్నారని, వాళ్ళ కారు ఒకటి తన షెడ్డులోనే అమ్మకానికి ఉందని చెప్పాడు. మాస్టారు ఆ కారు ఇంజను మీదికి వంగి, అది ఎంత వేగం పోతుందో ఆరా తీస్తుండగా, ఆయన భార్య పక్కసీట్లో కూర్చుని చూసింది. కాళ్ళ దగ్గర ఏదో తగిలింది. వంగి చూస్తే పెడల్.

"ఇదేంటయ్యా?" అని మెకానిక్‌ను మెల్లగా అడిగింది.

"నేర్పేవాళ్ళ బ్రేకు అమ్మా. నేర్చుకునేవాడు కంగారుపడితే, పక్కనున్న గురువు దీన్ని నొక్కి బండి ఆపుతాడు. మీకెందుకు, రేపు పీకేస్తాలెండి."

ఆమె కుడికాలు ఆ పెడల్ మీద ఒకసారి ఆనించి, తీసింది.

"పీకేశానని చెప్పు" అంది. "పీకకు."

మెకానిక్ ఆమె ముఖంలోకి చూశాడు. ఏడాది కిందట, బండిలో ఏదో చప్పుడు వస్తోందంటే వినడానికని ఇతగాడు మాస్టారి పక్కన కూర్చుని ఒక రౌండు వెళ్ళాడు. తిరిగొచ్చాక చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, "నా పళ్ళు" అన్నాడట. అందుకని ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. "సరేనమ్మా. గట్టిదనం చూసి, నూనె వేసి ఉంచుతా" అన్నాడు.

మర్నాటి నుంచి ఆమె తన కుట్టుపని సంచిని కాళ్ళ ముందు పెట్టుకుని కూర్చునేది. సంచి వెనక పెడల్, పెడల్ మీద పాదం. అసలు పని అప్పుడు మొదలైంది.

రోజూ పొద్దున మాస్టారు ఆమెను షాపు దగ్గర దింపి స్కూలుకు వెళ్తారు, సాయంత్రం ఎక్కించుకుని వస్తారు. మొదటి రోజే కారు ప్రవర్తన ఆయనకు వింతగా తోచింది. మలుపు వస్తోందంటే చాలు, బండి మెత్తబడేది. హఠాత్తుగా కాదు, లంగాకు కుచ్చులు పెట్టినట్టు కొంచెం కొంచెంగా. మలుపు దాటి తిన్నటి దారి రాగానే మళ్ళీ వదిలేసేది. కిక్కిరిసిన బజారులో ఒక్కొక్క కుట్టుగా నడిచేది. ఆయన యాక్సిలరేటరు తొక్కుతూనే ఉండేవారు. ఇంజను రొద పెట్టేది, కారు మాత్రం పెద్దింటి ముత్తైదువలా హుందాగా పోయేది.

మాస్టారు మెకానిక్ దగ్గరికి పోయి నిలదీశారు.

"స్కూలు బండి కదా మాస్టారూ" అన్నాడు మెకానిక్, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "పద్నాలుగేళ్ళు నేర్చుకునేవాళ్ళ కింద నలిగింది. మలుపు కనపడితే దానికే భయం."

"యంత్రానికి భయమేమిటయ్యా?"

"మరి మీ స్కూల్లో చివరి గంట కొట్టకముందే పిల్లలు పుస్తకాలు ఎందుకు సర్దేస్తారు? అలవాటు."

మాస్టారు లెక్కలు తెలిసిన మనిషి. అంత తేలిగ్గా నమ్మరు. పరిశీలించారు. షాపు దగ్గర భార్యను దింపాక, అక్కణ్ణుంచి స్కూలు దాకా కారు మునుపటిలాగే పరుగులు తీస్తోంది. అంటే ఆమె ఉన్నప్పుడే నెమ్మదిస్తోంది. కాబట్టి కారణం బరువు. గ్రాఫు కాగితం తీశారు.

"నీ బరువెంత?" అని ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యను అడిగారు.

"దేనికండీ?"

"శాస్త్రీయమైన పని మీద."

"బరువు చెప్పను. చుట్టుకొలతలు కావాలంటే చెప్తా" అంది ఆమె.

మాస్టారే ఒక అంచనా వేసుకుని, అంత బరువుకు పాత పరీక్ష పేపర్ల కట్టలు తూచి, పక్కసీట్లో పేర్చి, సీటుబెల్టు పెట్టి, ఊరంతా తిప్పారు. కారు ఎక్కడా మెత్తబడలేదు. మర్నాడు స్టాఫ్ రూములో సైన్సు టీచరమ్మ ముందు గ్రాఫు పరిచారు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నీ బాగానే ఉన్నాయి మాస్టారూ. ఒక్కటే అనుమానం. ఆ పేపర్ల కట్టలకు కాళ్ళున్నాయా?"

"కాళ్ళకూ బరువుకూ సంబంధమేమిటి?"

"అదే, ఊరికే అడిగాను" అని ఆమె తన క్లాసుకు వెళ్ళిపోయింది. క్లాసులో అరగంటసేపు ఆమె ఎందుకు నవ్వుతోందో పిల్లలకు తెలియలేదు.

ఈలోగా మాస్టారి భార్య పిక్క మెత్తబడింది. ముఖం తేటపడింది. కారులో కూర్చుని కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది.

"ఏమండీ, ఈ మూల మీద మొక్కల దుకాణం ఉంది చూశారా?"

"కొత్తగా పెట్టారేమో."

"బోర్డు మీద ఇరవై ఏళ్ళ కిందటి సంవత్సరం వేసి ఉంది."

మర్నాడు అటువైపు వస్తున్నప్పుడు మాస్టారు ఒకసారి తల తిప్పి చూశారు. నిజంగానే ఉంది.

అలా పదిహేను రోజులు గడిచి, రోడ్డు భద్రత దినం వచ్చింది. మాస్టారి ప్రసంగం పేరు "తక్కువ సమయం, తక్కువ ప్రమాదం". వినడానికి భార్యను కూడా రమ్మన్నారు. ఆమె ఆ పూటకు షాపు తెరవకుండా సిద్ధమైంది. ఆయన గోడ మీది క్యాలెండరును సభ అనుకుని మూడుసార్లు రిహార్సల్ చేసి, మూడోసారి చప్పట్ల కోసం కాసేపు ఆగారు కూడా. ఇంతా చేసి బయల్దేరేసరికి మిగిలింది పన్నెండు నిమిషాలు. స్కూలు ఇరవై నిమిషాల దూరం. ప్రమాదంలో గడపాల్సిన సమయం ఎనిమిది నిమిషాలు తగ్గుతుందని మాస్టారు సంతోషించారు.

కారెక్కాక చూస్తే ఆయన కోటుకు మధ్య గుండీ లేదు.

"విప్పి ఇలా ఇవ్వండి. దారిలో కుట్టేస్తా" అంది భార్య.

అదీ ఆ రోజు జరిగిన తేడా. ఆమె కోటు ఒళ్ళో పరుచుకుని, సూదిలో దారం ఎక్కించుకుని, గుండీ మీద ధ్యాస పెట్టింది. పాదం పెడల్ మీద నుంచి జారి, పక్కన ఆగింది. పదిహేను రోజుల తర్వాత కారు మాస్టారి ఒక్కరి చేతిలోకి వచ్చింది.

ఆయనకు ఆ సంగతి తెలియదు. బండికి భయం వదిలిందనుకున్నారు. సర్కిల్ దాటారు, రెండు ఆటోలను దాటారు, కానిస్టేబుల్ సెల్యూట్ అందుకున్నారు. తిన్నటి రోడ్డు వచ్చింది. గాలి చెవుల్లో పాడుతోంది. మాస్టారికి ప్రసంగంలోని మొదటి వాక్యం నోట్లో ఊరుతోంది.

అప్పుడు కనిపించింది, ఎదురుగా, రోడ్డుకు సరిగ్గా నడిమధ్య నుంచి, ఒక కారు తన మీదికే దూసుకొస్తోంది.

మాస్టారు హారన్ కొట్టారు. ఆ కారు తప్పుకోలేదు. హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పారు. వాడూ వెలిగించి ఆర్పాడు.

"చూశావా వీడి పొగరు" అన్నారు భార్యతో. "ఇలాంటివాళ్ళకు లైసెన్సులు ఎవరిస్తారో. ఒళ్ళు తెలియకుండా వస్తున్నాడు. వాడు తప్పుకోవాలా, నేను తప్పుకోవాలా?"

ఎవరు తప్పుకోవాలన్నది న్యాయంగా తేలేదాకా మాస్టారి కాలు యాక్సిలరేటరు మీదే ఉంది.

ఆమె గుండీ మీంచి తలెత్తింది. ఎదురు కారులో డ్రైవరు పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ఒక కోటు ఉంది. ఆ కోటు కాలరు తాను కుట్టిందే.

ఆమె ఈసారి కుచ్చులు పెట్టలేదు. కాలు సంచిని తన్నేసి పెడల్ మీద పడి, నేలకు అంటేదాకా తొక్కింది. చక్రాలు కీచుమన్నాయి. సంచి బోర్లా పడి దారపు రీళ్ళన్నీ కారంతా దొర్లాయి. కారు ముందుకు ఊగి, వెనక్కి ఊగి, ఆగింది.

ఎదురు కారు కూడా జానెడు దూరంలో ఆగింది. అందులో ఒకాయన నోరు తెరుచుకుని మాస్టారివంకే చూస్తున్నాడు.

అది నిలువుటద్దం. ఆరడుగుల బీరువా తలుపుకు బిగించిన అద్దం. బీరువాను నాలుగు చక్రాల తోపుడుబండి మీద నిలబెట్టి, సందులోంచి రోడ్డు దాటిస్తున్నారు. ముందు నిలబడి బండిని లాగుతున్న వడ్రంగి కారువంక, అద్దంవంక మార్చి మార్చి చూశాడు. వాడి ముఖంలో రంగు లేదు.

"అద్దానికి హారన్ కొడతారేంటండీ?" అన్నాడు.

అంతలో బీరువా వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది.

"ఏరా, ఎందుకాపావు?"

బీరువా అంచు పక్క నుంచి ఒక ముసలాయన తల బయటికి పెట్టాడు. బీరువా ఒరిగిపోకుండా అవతలివైపు నుంచి రెండు చేతులతో హత్తుకుని, చెంప చెక్కకు ఆనించి నడుస్తున్నాడు. చెంప మీద రంపపు పొట్టు అంటుకుని ఉంది. కారు రావడం ఆయన చూడలేదు. ఆయనకు కనిపించింది చెక్క, మాస్టారికి కనిపించింది మాస్టారు.

"ఏం లేదు నాన్నా. పట్టుకో, పోదాం" అన్నాడు వడ్రంగి.

తోపుడుబండి కదిలింది. అద్దంలోని కారు పక్కకు జరిగి, జరిగి, మాయమైంది. అది ఉన్నచోట ముసలాయన వీపు, ఎండలో మెల్లగా నడుస్తూ అవతలి పక్కకు చేరింది.

మాస్టారు చూపు కిందికి దింపారు. బోర్లాపడ్డ సంచి పక్కన పెడల్, దాని మీద ఇంకా గట్టిగా నొక్కిపెట్టి ఉన్న భార్య కాలు కనిపించాయి.

"ఇదేమిటి?"

"బ్రేకు."

"పీకేశానన్నాడే మెకానిక్."

"నేనే అలా చెప్పమన్నాను."

మాస్టారికి గ్రాఫు కాగితం, పరీక్ష పేపర్ల కట్టలు, టీచరమ్మ అడిగిన కాళ్ళు, అన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదహారు రోజులు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

ఆమె వంగి దారపు రీళ్ళు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. తలెత్తకుండానే అంది. "ఇరవై రెండేళ్ళు చెప్పాను కదండీ."

మిగతా దారి మాస్టారు ఎంత నెమ్మదిగా నడిపారంటే, ఒక సైకిలాయన వెనక నుంచి బెల్లు కొట్టి దాటిపోతూ జాలిగా చూశాడు.

స్కూలు చేరేసరికి పావుగంట ఆలస్యం. మాస్టారు వేదికెక్కారు. గుండీ కోటుకు సగమే కుట్టి ఉంది, దాని నుంచి దారం, దారం చివర సూది వేలాడుతున్నాయి. ముందు వరుసలో పిల్లలు ఆ సూదిని చూస్తూ ఊపిరి బిగబట్టారు. మాస్టారు బోర్డు మీద తన సూత్రం మొత్తం రాశారు. మొదటిసారిగా ఒక్క మెట్టూ మింగకుండా రాశారు. కింద ఎప్పట్లాగే గీతలు గీయబోయి, ఆగిపోయారు.

"ఈ లెక్కలో తప్పేమీ లేదు" అన్నారు. "ఇందులో ఉన్నది నేనొక్కణ్ణే. అంతే."

వెళ్ళి కూర్చున్నారు. ప్రసంగం ఇంకా ఉందేమోనని హెడ్‌మిస్ట్రెస్ కొన్ని నిమిషాలు ఎదురుచూశారు. లేదని తేలాక పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ స్కూలు చరిత్రలో అంత చిన్న ప్రసంగం ఎవరూ వినలేదు.

ఇక్కడ మన సిద్ధాంతానికి దెబ్బ తగిలిందని మీరనుకుంటే పొరపాటు. అందరికన్నా వేగంగా పోయేవాడే అందరికన్నా క్షేమం. ఇప్పటికీ అదే మాట. అతని చుట్టూ ఇనుప డొప్ప ఉంది, ఒంటికి బెల్టుంది, ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంది, అదృష్టం బాగుంటే పక్కన టైలరింగ్ తెలిసిన ఇల్లాలు ఉంది. బీరువా వెనక నడిచేవాడికి ఏముంది? ఒక చెక్క. వాడి క్షేమం వాడి చేతిలో లేదు, వాడికి ముఖం కూడా తెలియని మనిషి కాలి కింద ఉంది. సూత్రంలో వాడికి చోటివ్వలేదని సూత్రాన్ని తప్పుపడితే ఎలా? చోటిస్తే మనకు ఆలస్యమైపోదూ?

ఆ సాయంత్రం మాస్టారు కారు తీయలేదు. భార్య షాపు దాకా నడిచి, ఆమెను వెంటబెట్టుకుని, వడ్రంగి దుకాణం ఎక్కడో అడుగుతూ వెళ్ళారు. క్షమించమని అడగాలని ఆయన ఉద్దేశం. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా రెండు మూడు రకాలుగా అనుకున్నారు. దుకాణంలో కొడుకు లేడు. ముసలాయన ఒక్కడే కూర్చుని బల్ల కాలు చిత్రిక పడుతున్నాడు. వాళ్ళను గుర్తుపట్టలేదు.

"రండి, కూర్చోండి. ఏం కావాలి?"

మాస్టారు భార్యవంక చూశారు.

"స్టూలు కావాలి" అంది ఆమె. "మిషన్ ముందు వేసుకునేది."

ముసలాయన ఆమె ఎత్తు చూసుకుని, కొలత రాసుకున్నాడు. చెక్కలు ఏరుతూ, దుకాణానికి వచ్చినవాళ్ళతో మాట్లాడే ధోరణిలో చెప్పుకుపోయాడు. "పొద్దున ఒక పెద్ద బీరువా దింపి వచ్చామండీ. అద్దం బీరువా. రోడ్డు దాటించేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. ఒక్కడూ ఆగడు. ఇవాళ మాత్రం ఎవరో మహానుభావుడు, కారు పూర్తిగా ఆపేసి, మేం దాటేదాకా అలాగే ఉన్నాడు. వెనకాల ఉన్నాను, ముఖం సరిగా చూడలేకపోయాను. చూసుంటే దణ్ణం పెట్టేవాణ్ణి."

మాస్టారి భార్య ఒక చెక్కముక్క చేతిలోకి తీసుకుని దాని నునుపు చూస్తోంది.

"ఈ రోజుల్లో అలాంటివాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి?" అన్నాడు ముసలాయన.

మాస్టారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. స్టూలు ఎప్పటికి కావాలని అడిగితే మాత్రం, తొందరేం లేదన్నారు.